వెర్మాంటా, న్యూహాంప్‌షైరా, మెయినా: ఇల్లు వెతుక్కుంటున్న అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి,

ఆశీస్సులు. అమెరికా ఈశాన్య మూలనున్న వెర్మాంట్, న్యూహాంప్‌షైర్, మెయిన్, ఈ మూడు రాష్ట్రాల్లో ఎక్కడ స్థిరపడాలో నువ్వూ కోడలూ తేల్చుకోలేకపోతున్నారని తెలిసింది. మూడూ పక్కపక్కనే ఉన్నాయి. మూడింట్లోనూ అడవే, చలే, చిన్న ఊళ్ళే. కానీ మ్యాపు ముందు పెట్టుకుని రాష్ట్రాన్ని ఎంచుకుంటే పొరపాటు పడతారు. అక్కడ ఆస్తి పన్ను వసూలు చేసేది, రోడ్డు చూసుకునేది, బడి ఖర్చుకు ఓటు వేసేది చాలా మటుకు టౌనే, అంటే మన పంచాయతీ లాంటిది. జిల్లా లాంటి కౌంటీకి పెద్దగా పని ఉండదు. కాబట్టి ముందు మీ జీతం ఎక్కణ్ణుంచి వస్తుందో చూడండి, తర్వాత ఆసుపత్రి ఎంత దూరమో, ఆ తర్వాత ఇంటి ముందు రోడ్డు, బోరు, సెప్టిక్. ఇవన్నీ కుదిరిన ఇల్లు ఏ రాష్ట్రంలో దొరికితే అదే మీ రాష్ట్రం.

ముందు జీతం. న్యూహాంప్‌షైర్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, సేల్స్ ట్యాక్స్ లేదు. వడ్డీ, డివిడెండ్ల మీద ఉన్న పన్ను కూడా 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. ఇది విని చాలామంది ఇంకేమీ చూడకుండా అటు మొగ్గుతారు. ఇల్లు న్యూహాంప్‌షైర్‌లో ఉండి, ఉద్యోగం సరిహద్దు నది దాటి వెర్మాంట్‌లో అయితే ఆ జీతం మీద వెర్మాంట్‌కి పన్ను కట్టాల్సిందే. మెయిన్‌కి వెళ్ళి పనిచేసినా అంతే. పోనీ వెర్మాంట్‌లో ఉండి న్యూహాంప్‌షైర్‌లో పనిచేద్దామా అంటే, వెర్మాంట్ తన నివాసుల ఆదాయం ఎక్కడ సంపాదించినా పన్ను వేస్తుంది, 3.35 నుంచి 8.75 శాతం వరకు. మెయిన్‌లో మామూలు జీతాలకు 5.8 నుంచి 7.15 శాతం. నువ్వు ఇంటి నుంచే పనిచేస్తావు గనక కంపెనీ ఎక్కడిదో కూడా చూడాలి. న్యూయార్క్ కంపెనీ అయితే, కంపెనీ అవసరం కోసం కాక నీ వీలు కోసం ఇంటి దగ్గర ఉంటున్నావనే లెక్కన, ఆ రోజుల జీతం మీద కూడా న్యూయార్క్ పన్ను అడుగుతుంది. అలాంటప్పుడు న్యూహాంప్‌షైర్‌లో ఉన్నందుకు జీతంలో మిగిలేది పెద్దగా ఉండదు. నీ ఆఫర్ లెటర్లో ఏ ఆఫీసు పేరు ఉందో, జీతం చీటీలో ఏ రాష్ట్రానికి కోత పడుతోందో ఇవాళే తీసి చూసుకో.

జీతం మీద వదిలేసిన పన్నును న్యూహాంప్‌షైర్ ఇంటి మీద తీసుకుంటుంది. అక్కడ బడి ఖర్చులో ఎక్కువ భాగం ఆ ఊరి ఆస్తి పన్ను నుంచే రావాలి. మౌల్టన్‌బరో లాంటి ఊళ్ళో సరస్సు ఒడ్డున ఖరీదైన ఇళ్ళు ఉంటాయి, అవి సెలవుల ఇళ్ళు గనక బడికి వచ్చే పిల్లలు తక్కువ, రేటూ తక్కువ. క్లేర్‌మాంట్ లాంటి పాత మిల్లుల ఊళ్ళో ఆస్తుల విలువ తక్కువ, రేటు ఎక్కువ. ఒకే రాష్ట్రంలో, ఒకే ధర ఇంటికి, కొద్ది మైళ్ళ తేడాలో బిల్లు రెట్టింపవుతుంది. అయితే ఊరి రేటును ఊరి రేటుతో నేరుగా పోల్చవద్దు. పన్ను కోసం టౌన్ కట్టే ఆస్తి విలువలు ఒక ఊళ్ళో ఈ మధ్యే తిరగరాసి ఉంటారు, ఇంకో ఊళ్ళో ఏళ్ళ కిందటివి ఉంటాయి. నిరుడు వచ్చిన బిల్లు మొత్తాన్ని ఇవాళ మీరు ఇవ్వబోయే ధరతో భాగించండి, అదే అసలు రేటు. ఆ బిల్లులో ఇప్పటి యజమానికి వచ్చిన రాయితీలు ఏమైనా కలిసి ఉన్నాయేమో టౌన్ ఆఫీసులో అడగాలి. వయసు మళ్ళినవాళ్ళకీ, మాజీ సైనికులకీ ఇచ్చే తగ్గింపులు ఇంటితోపాటు మీకు రావు.

వెర్మాంట్ పద్ధతి వేరు. బడి డబ్బు రాష్ట్రమంతా ఒకచోట చేరి తిరిగి పంచబడుతుంది. ఏప్రిల్ 1 నాటికి ఆ ఇంట్లో కాపురం ఉంటే, సొంత ఇంట్లోనే ఉంటున్నామని చెప్పే హెచ్‌ఎస్-122 ఫారం ఏప్రిల్ 15 లోపు వేయాలి, అదీ ప్రతి ఏడూ. మరిచిపోతే పెనాల్టీ పడుతుంది. ఆదాయాన్ని బట్టి ఇచ్చే ఆస్తి పన్ను క్రెడిట్ రావాలంటే అంతకుముందు క్యాలెండర్ సంవత్సరమంతా వెర్మాంట్‌లో నివాసం ఉండాలి, కాబట్టి మొదటి ఏడు దాన్ని లెక్కలో వేసుకోవద్దు. మెయిన్‌లో సొంతంగా కాపురముండే ఇంటికి ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు ఇంటి విలువలో 25,000 డాలర్లకు ఉంటుంది, ఏప్రిల్ 1 నాటికి అక్కడ సొంత ఇల్లు ఉండి 12 నెలలు అయి ఉండాలి.

కార్ల సంగతి ఎవరూ ముందు చెప్పరు. మెయిన్‌లో ఏటా టౌన్‌కి ఎక్సైజ్ పన్ను కట్టాలి. సెకండ్‌హ్యాండ్ కారైనా అది కొత్తగా ఉన్నప్పటి కంపెనీ ధర మీదే లెక్క: మొదటి ఏడు వెయ్యికి 24 డాలర్లు, తర్వాత 17.50, 13.50, 10, 6.50, ఆ పైన 4. అంటే 40,000 డాలర్ల కొత్త కారుకు మొదటి ఏడు 960, రెండో ఏడు 700. పన్నులు లేవనుకునే న్యూహాంప్‌షైర్‌లోనూ టౌన్ పర్మిట్ ఫీజు ఇదే తీరులో వెయ్యికి 18 నుంచి మొదలై 3 దాకా దిగుతుంది. రెండు కార్లుంటే ఏడాది లెక్క మారిపోతుంది.

కొనేటప్పుడు న్యూహాంప్‌షైర్‌లో ఆస్తి బదిలీ పన్ను వంద డాలర్లకు 75 సెంట్లు కొన్నవాళ్ళూ, మరో 75 సెంట్లు అమ్మినవాళ్ళూ కడతారు. వెర్మాంట్‌లో కొన్నవాళ్ళదే భారం.

ఆసుపత్రికి ఒక కొలత పెట్టుకోండి: జనవరి రాత్రి, మంచులో, 45 నిమిషాల్లో చేరగలగాలి. వెర్మాంట్ తూర్పు అంచున ఉన్నవాళ్ళకీ, న్యూహాంప్‌షైర్ పడమటి వైపువాళ్ళకీ లెబనాన్‌లోని డార్ట్‌మత్ హిచ్‌కాకే పెద్దాసుపత్రి. వెర్మాంట్ వాయవ్యానికి బర్లింగ్టన్, మెయిన్‌కి పోర్ట్‌లాండ్, బాంగర్. నది అవతలి ఆసుపత్రి మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉందో లేదో ముందే కనుక్కోండి. ఇల్లు ఒక రాష్ట్రం, డాక్టరు ఇంకో రాష్ట్రం అయినప్పుడు ఇబ్బంది అక్కడే వస్తుంది. పిల్లలు ఇంకా కావాలనుకుంటే ఆ దగ్గరి ఆసుపత్రిలో ప్రసవాలు చేస్తున్నారా అని ఫోన్ చేసి అడగాలి, ఎందుకంటే చిన్న ఆసుపత్రుల్లో ఆ విభాగాలు మూతపడుతున్నాయి. సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునేవాళ్ళకి ఇంకో ముక్క: వెర్మాంట్‌లో వయసును బట్టి ప్రీమియం మారదు. అరవై దాటినవాళ్ళకి మేలు, మీ వయసువాళ్ళకి భారం.

ఇక రోడ్డు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు అబ్బాయీ. వెర్మాంట్‌లో క్లాస్ 3 రోడ్డును టౌన్ చూసుకుంటుంది, చలికాలం మంచు ఎత్తుతుంది. క్లాస్ 4 అయితే టౌన్‌కి బాధ్యత లేదు. న్యూహాంప్‌షైర్‌లో దీనికి సాటి క్లాస్ 6 రోడ్డు, దాని మీద ఇల్లు కట్టుకోవడానికి అనుమతి కూడా తేలిగ్గా రాదు. మెయిన్‌లో టౌన్ వదిలేసిన రోడ్లు ఉంటాయి. కొన్నిటి మీద జనానికి నడిచే, బండి నడిపే హక్కు అలాగే ఉంటుంది, మరమ్మతు మాత్రం అక్కడి ఇళ్ళవాళ్ళు చేసుకోవాలి. వేటకొచ్చిన ట్రక్కులు బురదలో గాడులు చేసి పోతే కంకర పోసుకోవాల్సింది మీరు. ఫొటోల్లో ఇవన్నీ ఒకేలా, చెట్ల మధ్య అందమైన మట్టి దారిలా ఉంటాయి. టౌన్ ఆఫీసుకి ఫోన్ చేసి ‘ఈ చిరునామా దగ్గర రోడ్డు ఏ క్లాసు, చలికాలం మంచు ఎవరు ఎత్తుతారు, ఎక్కడి దాకా ఎత్తుతారు’ అని అడుగు. ప్రైవేటు రోడ్డయితే ఇరుగుపొరుగు రాసుకున్న మరమ్మతు ఒప్పందం కావాలి, అది లేకపోతే బ్యాంకు లోను దగ్గరే ఆగుతుంది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో నేల పైన కరుగుతుంది, కింద గడ్డకట్టే ఉంటుంది. నీళ్ళు కిందికి ఇంకే దారి లేక మట్టి రోడ్డు జావ అవుతుంది. అప్పుడు టౌన్లు బరువు బండ్లను ఆపుతూ బోర్డులు పెడతాయి. బోరు వేసే రిగ్గు రాదు, కాంక్రీటు లారీ రాదు, సామాన్ల లారీకీ ఇబ్బందే. ఆ నెలల్లో ఇల్లు మారేలా రిజిస్ట్రేషన్ తేదీ పెట్టుకోవద్దు. ఇల్లు చూడటానికి మాత్రం ఆ నెలల్లోనే వెళ్ళాలి. బేస్‌మెంటులో నీళ్ళు ఊరుతున్నాయా, మీ కారు పైదాకా ఎక్కుతుందా, అన్నీ ఏప్రిల్ మొదటి వారంలో బయటపడతాయి. ఆకులు రంగులు తిరిగే అక్టోబరులో చూసి మాట ఇవ్వడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. మే మధ్య నుంచి జూన్ మధ్య దాకా నల్ల ఈగలు ముసురుతాయి, అదీ ఒకసారి చూసి ఉంటే మంచిది.

నీళ్ళ గురించి కాస్త నిదానంగా చదవండి. చాలా చోట్ల ఊరి పైపులు ఉండవు, ఇంటికో బోరు. తవ్విన పాత బావి అయితే ఆగస్టు చివరికి ఎండిపోవచ్చు, పై నీళ్ళతో క్రిములూ చేరతాయి. బోరు రికార్డు అడిగి లోతు, నిమిషానికి ఎన్ని గ్యాలన్లు ఊరుతాయి, నీటిమట్టం ఎంత అన్నవి చూడు. 6 అంగుళాల బోరులో అడుక్కి దాదాపు గ్యాలనున్నర నీళ్ళు నిలుస్తాయి. 300 అడుగుల బోరులో 40 అడుగుల దగ్గర నీళ్ళు తగిలి, మోటారు 280 దగ్గర ఉంటే, 240 అడుగుల నీళ్ళు, అంటే 360 గ్యాలన్లు నిలవే ఉన్నట్టు. నిమిషానికి అర గ్యాలనే ఊరినా రోజుకి 720 అవుతుంది, నలుగురికి సరిపోతుంది. కాబట్టి ఊట తక్కువని మంచి ఇల్లు వదులుకోవద్దు. 100 అడుగుల బోరుకు అదే ఊట అయితే మాత్రం కష్టం.

అసలు జాగ్రత్త నీళ్ళలో ఏముందన్న దాని మీద. న్యూహాంప్‌షైర్, మెయిన్ రాళ్ళ పొరల్లో ఆర్సెనిక్ అనే విషం సహజంగానే ఉంటుంది. రంగూ రుచీ వాసనా ఏవీ ఉండవు. సర్కారు నీటి సరఫరాకు దేశమంతటికీ పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు, న్యూహాంప్‌షైర్ 2021 నుంచి దాన్ని 5 చేసింది. ఇంటి బోరుకు ఆ నిబంధన వర్తించదు, పరీక్ష చేయించుకోవాల్సింది మీరే. బ్యాక్టీరియా, నైట్రేట్‌తో సరిపెట్టే చవక పరీక్ష ఒప్పుకోవద్దు. ఆర్సెనిక్, యురేనియం, రేడాన్ (రేడియోధార్మిక వాయువు), సీసం, మాంగనీస్ కలిపి చేయించండి. పీఫాస్ అనే, ఎంతకీ కరిగిపోని కృత్రిమ రసాయనాల పరీక్షకు విడిగా అడగాలి. వెర్మాంట్‌లో బెన్నింగ్టన్ దగ్గరా, న్యూహాంప్‌షైర్‌లో మెరిమాక్ దగ్గరా బోర్లలో అది 2016లో బయటపడింది. మెయిన్‌లో మురుగు బురదను ఎరువుగా చల్లిన పొలాల దగ్గరి బోర్లలోనూ తేలింది, 2022లో ఆ చల్లడాన్నే నిషేధించారు. నమూనా పట్టేటప్పుడు ఫిల్టరు, సాఫ్ట్‌నర్ దాటక ముందు కుళాయి నుంచి పట్టాలి. సీసం కోసం మాత్రం రాత్రంతా కదలని నీళ్ళను, పొద్దున్నే మొదటి ధారలో, తాగే కుళాయి దగ్గర పట్టాలి. ఆర్సెనిక్ ఉంటే సింకు కింద ఆర్వో చాలు. నీళ్ళలో రేడాన్ ఎక్కువైతే స్నానాల గదిలో గాల్లోకీ వస్తుంది, ఇంటికి వచ్చే నీళ్ళన్నిటికీ గాలి కొట్టించి దాన్ని వదిలించే పరికరం పెట్టాలి. గాలిలో రేడాన్ లీటరుకు 4 పికోక్యూరీలు దాటితే దాన్ని బయటికి తోసే పైపూ ఫ్యానూ తప్పవు. ఫలితాలు వచ్చేదాకా వెనక్కి తగ్గే హక్కు ఒప్పందంలో రాయించుకోండి.

సెప్టిక్‌కి పర్మిట్ కాగితం చూడందే ఇంటి బెడ్‌రూమ్‌ల లెక్క నమ్మవద్దు. సెప్టిక్‌ను బెడ్‌రూమ్‌ల సంఖ్యను బట్టే కడతారు. అమ్మకం కాగితంలో నాలుగు అని ఉంటుంది, పర్మిట్ మూడుకే ఉంటుంది, నాలుగోది తర్వాత ఎవరో గోడ కట్టి చేసుకున్నది. మెయిన్‌లో ఆ కాగితాన్ని హెచ్‌హెచ్‌ఈ-200 అంటారు. ట్యాంకు మూత తీయించి చూడాలి, నీళ్ళు ఇంకే చోట గడ్డి ఒకచోటే ముదురు పచ్చగా ఉంటే అనుమానించాలి, బోరుకూ దానికీ 100 అడుగుల దూరం ఉంటే నిశ్చింత.

పెద్ద స్థలం కొంటే అది ‘కరెంట్ యూజ్’ (ఇప్పటి వాడుకను బట్టి పన్ను వేసే) పథకంలో ఉందేమో చూడు. అడవిగా, పొలంగా ఉంచినంత కాలం పన్ను తక్కువ. న్యూహాంప్‌షైర్‌లో మామూలుగా 10 ఎకరాలు, వెర్మాంట్ అడవికి 25 ఎకరాలు ఉండాలి, వెర్మాంట్‌లో ఇంటి కింద 2 ఎకరాలు విడిగా తీస్తారు. అందులో ఇల్లు కట్టి వాడుక మారిస్తే, మార్చిన భాగం మార్కెట్ విలువలో 10 శాతం కట్టాలి.

చలికాలానికి మూడు ప్రశ్నలు. ఇల్లు వేడి చేయడానికి నిరుడు ఎన్ని గ్యాలన్ల ఆయిల్ పట్టింది? ఆయిల్ కంపెనీ బిల్లులు చూపించమనండి. ట్యాంకు ఇంటి బయట ఉందా? ఉంటే గట్టి చలికి ఆయిల్ చిక్కబడి పొయ్యి ఆగుతుంది, కిరోసిన్ కలపాలి. కట్టెల పొయ్యి ఉందని ఇన్సూరెన్సువాళ్ళకి చెప్పారా? కట్టెలను కార్డు లెక్కన అమ్ముతారు, ఒక కార్డు అంటే 4 అడుగుల ఎత్తు, 4 వెడల్పు, 8 పొడవు, 128 ఘనపుటడుగులు. అందులో తేమ 20 శాతం లోపు ఉండాలి. పచ్చి కట్టెలు చవకని కొంటే చిమ్నీలో మసి జిగురు పేరుకుని నిప్పంటుకుంటుంది. ఫైర్ స్టేషన్ రోడ్డు దారిలో 5 మైళ్ళు దాటితే ఇంటి ఇన్సూరెన్స్ ప్రీమియం బాగా పెరుగుతుంది, ధర మాట్లాడక ముందే కోట్ తెప్పించుకో.

ఇంటర్నెట్‌కి మ్యాపు చూసి ధైర్యపడవద్దు. ఆ చిరునామాకే లైను వేస్తామని కంపెనీ రాతలో ఇవ్వాలి. రోడ్డు నుంచి ఇల్లు లోపలికి ఉంటే కొత్త స్తంభాల ఖర్చు మీది.

వీలైతే మొదటి ఏడు అద్దెకు ఉండండి. అద్దె ఇళ్ళు దొరకడం కష్టమే, కానీ సరస్సు ఒడ్డు ఇళ్ళను సెప్టెంబరు నుంచి మే వరకు చలికాలం అద్దెకు ఇస్తారు. ఆ తొమ్మిది నెలలు చుట్టుపక్కల ఐదారు ఊళ్ళు తిరగండి. మార్చి మొదటి మంగళవారం వెర్మాంట్ టౌన్లు సమావేశమవుతాయి, వెళ్ళి వెనక కూర్చోండి. బడి బడ్జెట్ మీద, రోడ్డు చదును చేసే గ్రేడర్ యంత్రం మీద ఎవరు ఏం మాట్లాడుతున్నారో వింటే ఆ ఊరి పన్ను ఎటు పోతుందో తెలుస్తుంది.

నచ్చిన ఇళ్ళ చిరునామాలు రెండో మూడో పంపు, వాటి పన్ను బిల్లు, బోరు రికార్డు, సెప్టిక్ పర్మిట్ కూడా జత చెయ్యి. కోడలికీ పిల్లలకీ ఆశీస్సులు.

మీ పెదనాన్న