బిడ్డ లినక్స్ ఏస్తా అంటున్నది, ఏయనియ్యాల్నా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ, జిరాక్స్ డీటీపీ షాపు నడుపుత. బిడ్డ నల్లగొండల బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నది. షాపుల పాతదైపోయిన కంప్యూటర్ ఇంటికి తెచ్చినం, అండ్ల విండోస్ 10 ఉన్నది, ఇగ అప్‌డేట్లు రావని మెసేజ్ చూపెడుతున్నది. అది తీసేసి లినక్స్ ఏస్తా అని బిడ్డ పట్టు పట్టింది. అండ్లనే పెండ్లి కార్డుల ఫైళ్లు, ఇంటి ఫొటోలు, పొలం పాస్‌బుక్ స్కాన్లు అన్నీ ఉన్నయి. ఇది నేర్చుకుంటే ఉద్యోగానికి పనికొస్తదా, ఉన్నది కూడ పోగొట్టుకునుడేనా?

జవాబు: అన్నా, పనికొస్తది. కాని మీ బిడ్డ అనుకున్న కాడ కాదు, మీరు భయపడుతున్న కాడ పనికొస్తది. లినక్స్ అంటే విండోస్ లెక్కనే కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, దాన్ని ఇన్‌స్టాల్ చేసుడు ఇప్పుడు పెద్ద విద్య ఏం కాదు, పెన్‌డ్రైవ్ పెట్టి నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంట పోతే అరగంట గంటల అయిపోతది, యూట్యూబ్ చూసి పదో తరగతి పిల్లలు చేస్తున్నరు. దాన్ని రెజ్యూమెల రాస్తే ఎవడూ పిలువడు. ఇన్నేండ్ల ఫైళ్లు ఒక్కటి కూడ పోకుండ కొత్త సిస్టమ్ మీదికి తెచ్చి, రేపు మీరు ఫలానా పాస్‌బుక్ కాపీ కావాలె అంటే నిమిషంల తీసి చూపెట్టగలిగితే, అది మాత్రం అసలు పని, కంపెనీలల్ల కొత్తగ చేరినోళ్లకు ముందుగాల అప్పజెప్పేది గూడ గసొంటి పనే.

ముందు మెసేజ్ సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోని బందయింది, ఇండ్లల్ల వాడుకునేటోళ్లకు 2026 అక్టోబర్ దాక సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకునే ఏర్పాటు ఒకటి ఇచ్చిన్రు, గంతే. విండోస్ 11 ఏద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలె, ఇంటెల్ అయితే 8వ జనరేషన్ ప్రాసెసర్ నుంచే లెక్కలకు వస్తది, షాపుల అరిగిపోయిన మిషన్ అంటున్నరు గద, అది దాటుడు కష్టమే. అట్లని పారేసుకోవద్దు. లినక్స్‌ల మింట్ అని ఒక రకం ఉన్నది, దానికి 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తది, 4 జీబీ ఉంటే మంచిగ నడుస్తది, డిస్క్ 20 జీబీ చాలు అంటరు గాని 100 ఉండాలె. అండ్ల ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ పాత మిషన్లకు తేలికగ ఉంటది. పైసలు కట్టేది లేదు, క్రాక్ చేసేది అసలే లేదు. ఉబుంటు అనే ఇంకో రకం గూడ మంచిదే గాని పాత దాని మీద జర బరువైతది. ఆడ ఈడ చదివి కాలీ లినక్స్ ఏస్తా అంటే మాత్రం వద్దనుండ్రి, అది సెక్యూరిటీ టెస్టింగ్ చేసేటోళ్ల కోసం తయారు చేసింది, ఇంట్ల రోజూ వాడుకునేది కాదు.

ఇంకో మాట, ఇన్‌స్టాల్ చెయ్యకుండనే చూసే పద్ధతి ఉన్నది. 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకొని మింట్ ఐఎస్ఓ ఫైల్‌ని (ఇన్‌స్టాల్ చేసే మొత్తం సరుకు ఉండే ఫైల్) రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తోనో బలేనా ఎచర్‌తోనో రాయాలె (ఆ పెన్‌డ్రైవ్‌ల ఉన్నదంతా చెరిగిపోతది, కస్టమర్ పెన్‌డ్రైవ్ పొరపాటున పెట్టనియ్యకుండ్రి), ఆన్ చేసేటప్పుడు ఎఫ్12నో ఎఫ్9నో ఎస్కేపో, కంపెనీని బట్టి ఉంటది, అది నొక్కి పెన్‌డ్రైవ్ నుంచి స్టార్ట్ చేస్తే లినక్స్ మొత్తం దానికెల్లే నడుస్తది, లోపట హార్డ్ డిస్క్‌కు ఏం కాదు. ఇంటర్నెట్ వస్తున్నదా, సౌండ్ వస్తున్నదా, తెలుగు అక్షరాలు సక్కగ కనపడుతున్నయా అన్నీ చూసుకోవచ్చు. కొద్దిగ స్లోగ ఉంటది, అట్ల చూసేటప్పుడు చేసుకున్న ఫైళ్లు బంద్ చేసినంక ఉండవు, అది తెలిసి చూడాలె.

ఇగ మీ అసలు భయం. డెస్క్‌టాప్ కాబట్టి దీనికి మంచి ఉపాయం ఉన్నది. పాత హార్డ్ డిస్క్ ఫార్మాట్ చెయ్యనే వద్దు. 240 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటె వేగంగ నడిచే డిస్క్) ఒకటి కొని పెట్టుండ్రి, లినక్స్ దాని మీదికి ఏయమనుండ్రి, ఏసేటప్పుడు పాత డిస్క్‌కు ఉన్న సాటా కేబుల్ పీకేసి పక్కకు పెట్టమనుండ్రి. ఇన్‌స్టాలర్‌ల మొత్తం డిస్క్ చెరిపి ఏస్తావా అని అడిగే ఆప్షన్ ఒకటి ఉంటది, మస్తు మంది మునిగేది ఆడనే, కేబుల్ పీకి ఉంటే పొరపాటున అది నొక్కినా మీ ఫైళ్ల మీద చెయ్యి పడదు. అయిపోయినంక కేబుల్ మళ్ల పెడితే పాత విండోస్ అట్లనే ఉంటది, అవసరం పడ్డప్పుడు బూట్ మెనూల దాన్ని ఎంచుకొని ఓపెన్ చేసుకోవచ్చు. ఎస్ఎస్‌డీతోని మిషన్ స్పీడు గూడ ఎట్లనో మారుతది, నిజం చెప్పాలంటే సగం మంది లినక్స్ ఏసినంక ఫాస్ట్ అయిందనేది ఎస్ఎస్‌డీ పుణ్యమే.

రెండు చిన్న ముండ్లు ఉన్నయి. విండోస్ షట్‌డౌన్ కొట్టినా పూర్తిగ బంద్ కాదు, ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంటది, అది ఆన్‌ల ఉంటే లినక్స్‌ల ఆ డిస్క్ చదువుడే తప్ప రాయనియ్యదు, ఒక్కోసారి ఓపెనే కాదు. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లల్ల దాన్ని తీసేయాలె. రెండోది బిట్‌లాకర్, అంటే డిస్క్‌ల ఉన్నదానికి తాళం ఏసే విండోస్ ఏర్పాటు. పాత డెస్క్‌టాప్‌ల ఉండకపోవచ్చు గాని చూసుకోవాలె, అది ఆన్ అయి ఉంటే బయాస్ సెట్టింగులు మార్చంగనే రికవరీ కీ అడుగుతది, కీ లేకపోతే డిస్క్‌ల ఉన్న దేన్నీ తియ్యలేరు. ఆ కీ ముందే రాసి పెట్టుకోమనుండ్రి.

షాపు మిషన్ జోలికి మాత్రం పోనియ్యకుండ్రి. పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ ఇవన్నీ విండోస్‌వి, వేలిముద్ర మిషన్ల సాఫ్ట్‌వేర్ కూడ ఎక్కువ విండోస్ మీదనే నడుస్తది, పాత లేజర్ ప్రింటర్లు కొన్నిటికి లినక్స్ డ్రైవర్ తోని తిప్పలు ఉంటయి. పెండ్లిళ్ల సీజన్‌ల షాపుల ప్రయోగాలు వద్దు. ఇంటి మిషన్‌ల ఉన్న పెండ్లి కార్డులు గూడ అను ఫాంట్లల్ల చేసినయే అయ్యుంటయి, అవి యూనికోడ్ కాదు గనక ఫాంట్ లేని కాడ తెరిస్తే పిచ్చి గీతలే కనపడతయి, పేరుతోని వెతుకుదామన్నా దొరకదు. అందుకని ముఖ్యమైన డిజైన్లు విండోస్‌ల ఉన్నప్పుడే పీడీఎఫ్ చేసి పెట్టుకోవాలె, పీడీఎఫ్ ఏడ తెరిచినా అట్లనే ఉంటది. అసలు ఫైల్ కూడ పక్కకు ఉంచుకోవాలె, మార్పులు చెయ్యాలంటే అదే కావాలె. కొత్తగ చేసే తెలుగు పని మాత్రం యూనికోడ్‌లనే చెయ్యమనుండ్రి, మండలి, రామభద్ర, గిడుగు అసొంటి ఫాంట్లు ఉచితంగనే దొరుకుతయి.

ఇప్పుడు ఫైళ్ల కాడికి వస్త, ఇది నేను బిడ్డకే చెప్తున్న అనుకోండ్రి. అమ్మా, మీ నాయిన డెస్క్‌టాప్ మీద న్యూ ఫోల్డర్, న్యూ ఫోల్డర్ 2, ఫైనల్, ఫైనల్ కొత్తది, ఇగో ఇదే ఫైనల్ అనేటియి ఉంటయి, నవ్వకు, ప్రతి జిరాక్స్ షాపుల గిదే కథ, ఐటీ కంపెనీలల్ల గూడ గిదే. ముందుగాల ఏదీ డిలీట్ చెయ్యకు, ఏదీ జరపకు, మొత్తం ఉన్నదున్నట్టు ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదికి కాపీ కొట్టు. కాపీ అయినంక రెండు పక్కల ఎన్ని ఫైళ్లున్నయి, మొత్తం సైజు ఎంతున్నది చూసి పోల్చు, నాలుగు ఫోల్డర్లల్ల నాలుగు ఫైళ్లు తెరిచి చూడు. కమాండ్లు నేర్చుకునే ఉత్సాహం ఉంటే ఆర్‌సింక్‌తోని కాపీ కొట్టి షా256సమ్‌తోని సరిచూడు, రెండు దిక్కుల ఒక్కటే నంబర్ వస్తే ఫైల్ తేడా లేకుండ వచ్చినట్టు. తర్వాతనే సర్దుడు. నాలుగైదు పెద్ద ఫోల్డర్లు చాలు, ఇల్లు, పొలం, చదువులు, ఫొటోలు, షాపు. పేర్ల ముందట తేదీ పెట్టు, సంవత్సరం ముందు, నెల, ఆ తర్వాత రోజు, 2023-05-14 అన్నట్టు, అప్పుడు వాటంతట అవే వరుసల నిలబడతయి. లినక్స్‌ల పెద్ద అక్షరం చిన్న అక్షరం వేరు వేరు, విండోస్‌ల ఒకటే అనుకునే రెండు పేర్లు ఈడ రెండు ఫైళ్లయితయి, అందుకే ఇంగ్లిష్ పేర్లు అన్నీ చిన్న అక్షరాలల్లనే పెట్టుకో. టెర్మినల్‌ల (కమాండ్లు టైప్ చేసే కిటికీ) ఆర్‌ఎం అనే డిలీట్ కమాండ్ కొడితే రీసైకిల్ బిన్‌కు పోదు, పోయిందంటే పోయిందే, అది తెలిసిందాక డిలీట్ మౌస్‌తోనే చెయ్యి.

మింట్‌ల టైమ్‌షిఫ్ట్ అని ఒకటుంటది, దాన్ని చూసి ఫైళ్లు బ్యాకప్ అయితున్నయని మస్తు మంది అనుకుంటరు. మామూలుగ అది సిస్టమ్‌ని మాత్రమే దాస్తది, నీ హోమ్ ఫోల్డర్‌ల ఫొటోలను ముట్టదు. వాటికి వేరేగ కాపీ ఉండాలె. పద్ధతి ఏందంటే మూడు కాపీలు, రెండు రకాల జాగలల్ల, ఒకటి ఇంటి బయట. బయటిదంటే పెద్దదేం కాదు, గూగుల్ డ్రైవ్‌ల 15 జీబీ ఉచితం, పాస్‌బుక్ స్కాన్లు, మెమోలు, కుల ఆదాయ సర్టిఫికెట్లు అన్నీ కలిపినా అండ్ల ఒక మూలకు కూడ రావు. మెమోలు డిజిలాకర్‌ల వస్తయో లేదో అది కూడ చూసుకో, వస్తే ఇంకా మంచిది. ఒక పాత డిస్క్ ఉన్నది గద అని దాన్నే బ్యాకప్ అనుకోకు, పాతది ఎప్పుడన్న ఆగిపోతది.

అన్నా ఇది మళ్ల మీకు. మీ కస్టమర్ల ఆధార్ స్కాన్లు, ఫొటోలు, బ్యాంక్ పాస్‌బుక్‌లు ఆ మిషన్‌ల మస్తుగ పడి ఉంటయి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే మీకే తెలుస్తది. అవి కొత్త సిస్టమ్‌కు తేవద్దు, డ్రైవ్‌లకు ఎక్కించనే వద్దు, మొత్తం కాపీ కొట్టినప్పుడు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లకు వచ్చినయి కూడ సర్దేటప్పుడు తీసేయాలె. పని అయినంక ఉంచుకునే హక్కు మనకు లేదు, మంది కాయితాలు అయి. ఏది ఉంచాలె ఏది తీసేయాలె అని మీ ఇద్దరు కూసొని తేల్చుకునుడు బిడ్డకు కాలేజీల ఎవరూ చెప్పని పాఠం, పెద్ద కంపెనీలల్ల దీనికి డిపార్ట్‌మెంట్లే ఉన్నయి.

ఉద్యోగం ముచ్చట. లినక్స్ అంటే ఏదో మూలకు పడ్డది కాదు, 1991ల లైనస్ టోర్వాల్డ్స్ మొదలు పెట్టిండు, మీ జేబుల ఆండ్రాయిడ్ ఫోన్ కింద ఉన్నది అదే, ప్రపంచంల టాప్ 500 సూపర్ కంప్యూటర్లు 2017 నవంబర్ నుంచి అన్నీ దాని మీదనే నడుస్తున్నయి. క్లౌడ్ సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్, డెవాప్స్, అంటే కంపెనీల సర్వర్లను, వాటి మీది సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే ఈ ఉద్యోగాలకు లినక్స్ రాకుండ కుదరదు. ఇంటర్వ్యూల ఏం అడుగుతరంటే, సర్వర్ల డిస్క్ నిండింది ఏం చేస్తవ్ అని అడుగుతరు. డీఎఫ్ కమాండ్ కొట్టి డిస్క్‌ల ఎంత జాగ మిగిలిందో చూస్తా, డీయూ కమాండ్‌తోని ఏ ఫోల్డర్ తింటున్నదో పడతా, లాగ్ ఫైళ్లు చూస్తా అని చెప్తే ఇంకో మెలిక పెడతరు, డీయూ చూస్తే జాగ ఉన్నట్టే ఉన్నది డీఎఫ్ చూస్తే నిండినట్టున్నది ఎందుకు అని. డిలీట్ చేసిన ఫైల్‌ని ఇంకా ఏదో ప్రోగ్రామ్ పట్టుకొని ఉంటది, ఎల్ఎస్ఓఎఫ్ అనే కమాండ్‌తోని వెతకాలె, ఆ ప్రోగ్రామ్ మళ్ల స్టార్ట్ చేస్తేనే జాగ ఖాళీ అయితది. ఈ జవాబు పుస్తకం బట్టీ కొట్టి చెప్పే పిల్లకు, ఇంట్ల డిస్క్ నిండి తిప్పలు పడి తెలుసుకున్న పిల్లకు మాటలనే తేడా దొరికిపోతది.

సర్టిఫికెట్ కావాలంటే రెడ్‌హ్యాట్ అనే లినక్స్ కంపెనీ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్ఏ ఉన్నది, అది టిక్కులు పెట్టే పరీక్ష కాదు, మిషన్ ముందట కూసొని పని చేసి చూపెట్టాలె, మూడేండ్లు చెల్లుతది. ఫీజు తక్కువేం కాదు, అందుకే ఫైనల్ ఇయర్ దాక ఆగుండ్రి, అమీర్‌పేట కోచింగ్‌కు ఇప్పుడే పైసలు కట్టుడు నాకు ఇష్టం లేదు. అప్పటిదాక ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ చూడమనుండ్రి, లినక్స్, లిబ్రెఆఫీస్ (వర్డ్, ఎక్సెల్ అసొంటి ఉచిత సాఫ్ట్‌వేర్) పాఠాలు తెలుగుల కూడ ఉన్నయి, ఉచితం. డిగ్రీ అయినంక ఐసెట్ రాసి ఎంసీఏ చేస్తా అన్నా ఇది అడ్డం రాదు, ఇప్పుడు ఎంసీఏ రెండేండ్లే. నల్లగొండల, మహబూబ్‌నగర్ కాడ దివిటిపల్లిల 2023ల ఐటీ టవర్లు వచ్చినయి గాని వాటినే నమ్ముకొని కూసోవద్దు, మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లనే, అండ్ల నైట్ షిఫ్ట్ కూడ ఉండొచ్చు, ఇంట్ల ఆ మాట ఇప్పుడే మాట్లాడుకోండ్రి.

ఎక్సెల్, వర్డ్ మాత్రం ఇడిసిపెట్టద్దు. గవర్నమెంట్ కంప్యూటర్ ఆపరేటర్ పోస్టులకైనా, మీ దిక్కు రైస్ మిల్లులల్ల లెక్కల పనికైనా అడిగేది అవే, ట్యాలీ కూడ విండోస్‌దే. పాత డిస్క్‌ల విండోస్ ఉంటది గద, అదిట్లకు పనికొస్తది, నెట్‌కు కలపకుండ వాడుకుంటే సరి.

కాబట్టి బిడ్డతోని ఇట్ల ఒప్పందం చేసుకోండ్రి. ముందు బ్యాకప్, అది కూడ మీ ముందట వేరే మిషన్‌ల పెట్టి పాస్‌బుక్ స్కాన్, ఇంటి ఫొటో, ఒక పెండ్లి కార్డు పీడీఎఫ్ తెరిచి చూపెట్టాలె. ఆ తర్వాతనే ఎస్ఎస్‌డీ కొనిచ్చుడు. ఏం చేసింది, ఏడ ఆగింది, ఎట్ల దాటింది అన్నీ ఒక నోట్‌బుక్కుల రాసుకోమనుండ్రి, తెలుగుల రాసినా పర్వాలేదు. సెమిస్టర్ పరీక్షలు ఉన్న నెలల మాత్రం మొదలు పెట్టనియ్యకుండ్రి, ఇది పట్టుకున్నోళ్లు పుస్తకం ముట్టరు.