రసాయన చర్య వేగాన్ని పెంచే ఉత్ప్రేరకం ఆ చర్యలో పాల్గొనదా?

పాల్గొంటుంది, కాకపోతే ఒక దశలో ఖర్చయి, తర్వాతి దశలో మళ్లీ తయారవుతుంది కాబట్టి చివర్లో లెక్క చూస్తే ఎంత వేశామో అంతే ఉంటుంది.

అణువులు ఢీకొన్నంత మాత్రాన చర్య జరగదు. పాత బంధాలు సడలి కొత్తవి ఏర్పడాలంటే ముందు కొంత శక్తి కావాలి, దాన్నే ఉత్తేజన శక్తి అంటారు. ఉత్ప్రేరకం ఈ శక్తిని సరఫరా చేయదు. తక్కువ శక్తితో దాటగలిగే వేరే దారి చూపిస్తుంది, అంతే.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌నే తీసుకోండి. అది నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోవడానికి మోల్‌కు సుమారు 75 కిలోజౌళ్ల ఉత్తేజన శక్తి కావాలి, అందుకే సీసాలో నెలల తరబడి నిలవ ఉంటుంది. పొటాషియం అయోడైడ్ వేస్తే అది దాదాపు 56కి తగ్గి, బుడగలు పొంగుకొస్తాయి. ముందుగా అయోడైడ్ అయాన్ పెరాక్సైడ్ నుంచి ఒక ఆక్సిజన్ పరమాణువును లాక్కుని హైపోఅయోడైట్‌గా మారుతుంది. అది ఇంకో పెరాక్సైడ్ అణువుతో చర్య జరిపి, ఆక్సిజన్‌ను వదిలి, తిరిగి అయోడైడ్ అవుతుంది. తేడా 19 కిలోజౌళ్లే కదా అనిపించొచ్చు. కానీ మిగతావన్నీ మారకపోతే, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేగం ఇంచుమించు 2000 రెట్లు పెరగడానికి అది చాలు.

‘తాను మార్పు చెందకుండా వేగాన్ని మార్చే పదార్థం’ అని బట్టీపట్టడం వల్లే ఉత్ప్రేరకం పక్కన ఊరికే ఉంటుందనే అపోహ వచ్చింది. ఉత్ప్రేరకం వేస్తే ఉత్పన్నం ఎక్కువ వస్తుందనుకోవడం కూడా పొరపాటే. అది పురోగామి (ఉత్పన్నాల వైపు సాగే), తిరోగామి (వెనక్కి సాగే) చర్యలు రెండింటినీ ఒకే నిష్పత్తిలో వేగవంతం చేస్తుంది. ఆ రెండింటి వేగాలు సమానమయ్యే సమతాస్థితి త్వరగా వస్తుంది గానీ, దాని స్థానం మారదు.