అమెరికా కాలేజీలో మొదటి ఏడాది రైటింగ్ కోర్సు ఎలా ఉంటుంది?

అమెరికాలో బ్యాచిలర్స్‌లో చేరుతున్నానని, మొదటి ఏడాదే రైటింగ్ కోర్సు తప్పనిసరి అన్నారని, అందులో ఏం చెప్తారని అడిగారు. అది గ్రామర్ క్లాసు కాదండీ. మీ వాదనను ఆధారాలతో నిలబెట్టడం నేర్పే క్లాసు.

మన దగ్గర ‘సెల్‌ఫోన్ల వల్ల లాభనష్టాలు’ అని రెండువైపులా రాస్తే మార్కులు వచ్చేస్తాయి. అక్కడ అది చాలదు. ‘క్లాసులో ఫోన్లు నిషేధించాలి, ఎందుకంటే పక్కవాళ్ల ఫోన్ కూడా మన ధ్యాసను లాగేస్తుంది’ అని ఒక పక్షం తీసుకోవాలి. అదే థీసిస్, అంటే వ్యాసంలో మీరు నిలబెట్టే ప్రధాన వాదన. ఆ తర్వాత రాసే ప్రతి పేరా దాన్నే బలపరచాలి. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే అని నాకనిపిస్తుంది.

ఒకే వ్యాసాన్ని రెండు మూడు డ్రాఫ్టులు రాయిస్తారు. తోటి విద్యార్థులు కూడా చదివి కామెంట్లు పెడతారు. పేజీ నిండా కామెంట్లు వచ్చినా టెన్షన్ పడకండి, అక్కడ అది మామూలే.

కాపీ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఎవరి వాక్యంలోనో నాలుగు మాటలు మార్చి రాసినా, మూలం చెప్పకపోతే అది ప్లేజియరిజమే. మూలం ఎలా చూపాలో క్లాసులోనే నేర్పుతారు: ఏపీఏ అనే పద్ధతిలో రచయిత పేరు పక్కన సంవత్సరం, ఎంఎల్ఏ అనే మరో పద్ధతిలో పేజీ నంబరు. చాట్‌జీపీటీ వాడొచ్చో లేదో సిలబస్‌లో, అంటే కోర్సు నియమాలు రాసిచ్చే కాగితంలో, చూసుకోండి.

చాలా క్యాంపస్‌లలో రైటింగ్ సెంటర్ ఉచితంగా సాయం చేస్తుంది. మొదటి డ్రాఫ్టు పట్టుకునే వెళ్లండి.