చదువు - కొలువు: ఇల్లు కుదువ పెట్టి సీఎస్‌ఈ చదివించాలా?

ప్రశ్న: సార్, మాది ధర్మవరం, మగ్గం నేస్తాం. మా అమ్మాయికి ఈఏపీసెట్ ర్యాంకుకు అనంతపురం దగ్గర ఒక కాలేజీలో కన్వీనర్ కోటాలో మామూలు సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) వచ్చేట్టుంది. హైదరాబాద్ కాలేజీ ఒకటి ఫోన్ మీద ఫోన్ చేసి, ఇప్పుడు మామూలు సీఎస్‌ఈకి విలువ లేదు, ఏఐ (కృత్రిమ మేధ) అని పేరుండాలి, మేనేజ్‌మెంట్ సీటు ఉంది, డబ్బు కట్టండి అంటోంది. దానికి ఇల్లు కుదువ పెట్టాలి. ఆ చదువులో ఏముంటుందో కూడా నాకు తెలీదు. ఏం చేయమంటారు?

జవాబు: ఇల్లు కుదువ పెట్టొద్దన్నా. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, కారణాలు తర్వాత చెబుతాను.

ఆ చదువులో ఏముంటుందో తెలీదన్నారు గానీ, దాని మూలం రోజూ మీ తల మీదే వేలాడుతోంది. మగ్గం మీద డిజైన్ నడిపే జకార్డు అట్టలో బెజ్జం ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దాని పోగు పైకి లేస్తుంది. బెజ్జం లేనిచోట లేవదు. ఉంది, లేదు అనే ఆ రెండు మాటలతోనే కొంగు మీద నెమలి దిగుతుంది. కంప్యూటర్ లోపల కూడా ఉండేవి ఆ రెండే, ఒకటీ సున్నా. ఈ పోలిక నేను కల్పించింది కాదు. 1804లో ఫ్రాన్స్‌లో జకార్డు ఆ మగ్గం తెచ్చాడు, దాని అట్టలు చూసే ఇంగ్లండ్‌లో ఛార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రాన్ని అట్టలతో నడపాలని రూపం గీశాడు, 1890లో అమెరికా జనాభా లెక్కలను హాలరిత్ బెజ్జాల అట్టలతోనే తేల్చాడు. డిజైన్ గీసి, దాన్ని గళ్లుగా విడదీసి, ఏ గడిలో బెజ్జం కొట్టాలో ఒక్కటి కూడా తప్పకుండా చెప్పే మనిషి చేసేది ప్రోగ్రామింగ్ లాంటి పనే. మీ అమ్మాయి ఆ పని చూస్తూ పెరిగింది, దాన్ని తక్కువ అనుకోవద్దు.

ఇక బ్రాంచి పేరు సంగతి. సీఎస్‌ఈలో అసలు పట్టు కొన్ని సబ్జెక్టుల్లోనే ఉంది. డేటా స్ట్రక్చర్స్ (సమాచారాన్ని పేర్చుకునే తీరు), అల్గారిథమ్స్ (పనిని అంచెలంచెలుగా తేల్చే పద్ధతి), ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్, వీటికి తోడు డిస్క్రీట్ మ్యాథ్స్. ఉదాహరణకు, ఓటర్ల జాబితాలో 10 లక్షల పేర్లున్నాయి, ఒక పేరు వెతకాలి. మొదటి నుంచి చూస్తూ పోతే ఒక్కోసారి 10 లక్షలూ చూడాల్సి వస్తుంది. అదే అక్షర క్రమంలో ఉంటే సరిగ్గా మధ్యకు పోయి, మనక్కావాల్సింది ముందుందా వెనకుందా చూసి, సగం వదిలేసి, మిగతా సగంలో మళ్లీ మధ్యకు పోతే, మొత్తం 20 సార్లు చూస్తే చాలు, పేరు ఉందో లేదో తేలిపోతుంది. ఇలాంటి ఆలోచన నేర్పేదే ఈ చదువు, ఏదో ఒక కంప్యూటర్ భాష నేర్పేది కాదు. ఏఐ బ్రాంచిలోనూ మొదటి రెండేళ్లు చాలావరకు ఇవే ఉంటాయి, తర్వాత కొన్ని సబ్జెక్టులు మారతాయి, అంతే. ఏఐకి అసలు కావాల్సింది ప్రాబబిలిటీ, మాత్రికల లెక్కలు, అవి మామూలు సీఎస్‌ఈ పిల్లలు కూడా నేర్చుకోవచ్చు.

డబ్బు మాట కూడా చెప్పాలి. కన్వీనర్ కోటాలో అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది, మేనేజ్‌మెంట్ సీటుకు ఉండదు. ఇల్లు కుదువలో ఉంటే ఆ బిడ్డ నాలుగేళ్లూ టెన్షన్‌తోనే చదవాలి. నేను బెంగళూరులో చాలాకాలం ఉద్యోగం చేసి అనంతపురం వచ్చి పిల్లలకు చెబుతున్నాను, అప్పు భయంతో మొదటి ఉద్యోగం ఏది దొరికితే దాంట్లో పడి, ఇష్టమైన పనికి మళ్లీ రాలేకపోయిన పిల్లలను దగ్గరగా చూశాను. ఆ బాధ మీ ఇంటికి రాకూడదు.

అయితే ఇక్కడి కాలేజీ అయినా కళ్లు మూసుకుని చేర్చొద్దు. అమ్మాయిని తీసుకుని ఒకరోజు స్వయంగా వెళ్లండి. ఆఫీసులో కూర్చోబెట్టి చెప్పేది విన్నాక, బయట టీ బంకు దగ్గర ఫైనలియర్ పిల్లలను అడగండి, ల్యాబ్ సాయంత్రం తెరిచి ఉంచుతారా, డేటా స్ట్రక్చర్స్ చెప్పే సార్ ఏటా మారిపోతున్నారా అని. ఫ్లెక్సీ మీద ఒక్కరి ప్యాకేజీ చూసి మురిసిపోవద్దు, క్లాసులో ఎంతమందికి వచ్చింది, సగటు పిల్లోడికి ఎంత వచ్చింది అని అడగండి. ఇంట్లో ఇంకా చిన్నవాళ్లుంటే ఇప్పుడే గుర్తుపెట్టుకోండి, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే చేరొచ్చు, అక్కడే ఇంటరూ బీటెక్కూ కలిపి ఆరేళ్లు. కర్నూలు ట్రిపుల్ ఐటీకైతే జేఈఈ మెయిన్ ర్యాంకు కావాలి.

ప్రశ్న: అన్నా, కర్నూలులో బీఎస్సీ కంప్యూటర్స్ రెండో ఏడాది చదువుతున్నా. బీటెక్ వాళ్లకు తప్ప మాకు సాఫ్ట్‌వేర్‌లో దారి లేదంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు తమ్ముడూ, కానీ నీ దారి కొంచెం చుట్టు తిరుగుతుంది, ముందే తెలుసుకుంటే మంచిది. డిగ్రీలో మ్యాథ్స్ ఉంటే ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. ఐసెట్ రాస్తే ఎంసీఏ, అది ఇప్పుడు రెండేళ్లే. నేనైతే నిన్ను ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ వైపు నెడతాను, ఎందుకంటే మూడో ఏడాదిలో ఉండగానే బీఎస్సీ వాళ్లు కూడా రాయొచ్చు, దానికోసం చదివింది ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి వేరే పేపర్ కూడా పెట్టారు. గేట్‌తో ఎంటెక్ సీటు వస్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఇస్తారు, అయితే చాలాచోట్ల ఎంటెక్‌కు నాలుగేళ్ల డిగ్రీ గానీ ఎంసీఏ, ఎమ్మెస్సీ గానీ అడుగుతారు కాబట్టి, ఏ సంస్థ ఏం అడుగుతుందో దరఖాస్తుకు ముందే చూసుకో.

ఇంకొకటి, ఐఐటీ మద్రాస్ 2020లో ఆన్‌లైన్‌లో డేటా సైన్స్ డిగ్రీ మొదలుపెట్టింది, ఇప్పుడు దాన్ని బీఎస్ అంటున్నారు. జేఈఈ అక్కర్లేదు, వాళ్లే నాలుగు వారాల పాఠాలు చెప్పి అర్హత పరీక్ష పెడతారు, నీ డిగ్రీతో పాటే చదువుకోవచ్చు, ఇంటి ఆదాయం తక్కువైతే ఫీజులో రాయితీ ఉంది. ఐఐటీ ప్రొఫెసర్లు పాఠాలు చెప్పే ఎన్‌పీటీఈఎల్ వీడియోలు పూర్తిగా ఉచితం, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మూడు నెలల కోర్సుకు డబ్బు కట్టే ముందు ఇవి ఒకసారి చూడు.

ఉద్యోగమంటే కోడింగ్ ఒక్కటే అనుకోకు. టెస్టింగ్, డేటాబేస్, నెట్‌వర్క్, సెక్యూరిటీ, క్లౌడ్ సర్వర్లు చూసుకునే పని, ఇవన్నీ వేర్వేరు మనస్తత్వాలకు సరిపోయే పనులు. ఎంసీఏ అయ్యాక, బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ ద్వారా బ్యాంకుల్లో ఐటీ ఆఫీసర్ పోస్టులకూ పోటీ పడొచ్చు. ఓపికగా తప్పులు వెతికే గుణం నీకుంటే టెస్టింగ్‌ను చిన్నచూపు చూడొద్దు.

ప్రశ్న: సార్, ల్యాప్‌టాప్ ఎంతలో కొనాలి? గేమింగ్‌ది కావాలా?

జవాబు: అక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్కు కంటే వేగంగా పనిచేసేది) ఉండి, ర్యామ్ 8 జీబీ ఉంటే మొదటి రెండేళ్లు నడుస్తుంది, 16 అయితే ఇంకా మంచిది. విండోస్ లాంటిదే లినక్స్, అది ఉచితం, వేసుకుని అలవాటు చేసుకో.

ప్రశ్న: కడపలో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతున్నాను. ఏఐనే కోడ్ రాసేస్తోంది, ఇక మాకు పనెక్కడుంటుంది సార్? అసలు నేను తెలుగు మీడియం, ఆ భయం ఇంకోటి.

జవాబు: నీ భయం అర్థమైందమ్మా. ఊరికే ధైర్యం చెప్పను. చిన్న చిన్న కోడ్ ముక్కలు రాసే పని నిజంగానే తగ్గుతోంది, మొదటి ఉద్యోగం దొరకడం మా కాలం కంటే కష్టమే.

కానీ ఇది విను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను జీతాల లెక్కల ప్రోగ్రాములో డబ్బును దశాంశ భిన్నంగా, అంటే ఫ్లోట్‌గా పెట్టాను. చిన్న డేటాతో పరీక్షిస్తే అన్నీ సరిగ్గానే వచ్చాయి. నెలాఖరుకు వేలమంది లెక్కలు కూడితే పైసల్లో తేడా. రెండు రాత్రులు వెతికాను. కారణం ఏంటంటే, 0.1ని ఒకట్లు సున్నాలతో కచ్చితంగా రాయలేం, మనకు 1ని 3తో భాగిస్తే 0.333 అని ఆగకుండా పోయినట్టు కంప్యూటర్‌కు 0.1 ఆగకుండా పోతుంది, ఎక్కడో కోసేయాలి. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో 0.1, 0.2 కూడి చూడు, నీకే కనబడుతుంది. డబ్బును పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా పెడితే సరిపోయింది. ఏఐ నీకు అదే ఫ్లోట్ రాసిస్తే, అది తప్పని పట్టుకోవడానికి ఈ సంగతి తెలిసిన మనిషి అక్కడ ఉండాలి. కాబట్టి ఏఐ వాడు, కానీ ముందు నీ అంతట నువ్వు రాసి, తర్వాత దాన్ని అడిగి రెండూ పక్కన పెట్టి చూడు. వారానికి ఒక ప్రోగ్రామైనా సాయం లేకుండా చేతితో రాయి.

ఈ ఏఐకి పునాదులు వేసినవాళ్లలో ఒకరు మన సీమవాడే. రాజ్ రెడ్డి గారు పుట్టింది చిత్తూరు జిల్లా కాటూరులో, మద్రాసు గిండీలో చదివింది సివిల్ ఇంజినీరింగ్, తర్వాత మనిషి మాటను యంత్రం అర్థం చేసుకోవడం మీద పనిచేసి 1994లో కంప్యూటర్ రంగంలో అతి పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

తెలుగు మీడియం గురించి అడిగావు. ఆలోచన తెలుగులోనే చెయ్యి, అందులో తప్పేం లేదు. ఇంగ్లిష్ మాత్రం రోజూ పావుగంట పైకి మాట్లాడు, గది స్నేహితురాలికి నువ్వు ఆరోజు రాసిన ప్రోగ్రాం ఇంగ్లిష్‌లో వివరించు. ఇంటర్వ్యూలో అడిగేది దాదాపు అదే. ఆర్నెల్లు చేశాక మళ్లీ ఉత్తరం రాయి, ఎక్కడ ఆగిపోయావో చెప్తే అక్కడి నుంచి మాట్లాడుకుందాం.