నార్వే తీరంలో సైకిల్ యాత్ర: డబ్బు ఎక్కడ ఖర్చవుతుంది?

ప్రశ్న: మాది హైదరాబాద్. నాకు 32 ఏళ్లు, మావారికి 35. ఇద్దరం ప్రైవేటు ఉద్యోగులం. ఇద్దరి జీతాలు కలిపి నెలకు రూ.1.65 లక్షలు చేతికొస్తాయి. అందులో నాది రూ.80 వేలు. ఇంటి రుణం ఈఎంఐ రూ.42 వేలు, సిప్‌లు రూ.25 వేలు, ఇంటి ఖర్చులు రూ.55 వేలు. ఎఫ్‌డీలో రూ.4.5 లక్షలు ఉన్నాయి. మార్చిలో నాకు రూ.80 వేల దాకా బోనస్ వస్తుంది. ఇద్దరికీ సైకిళ్లున్నాయి, దూర ప్రయాణాలు అలవాటే. ఇంకో 18 నెలలకు, జూన్‌లో, నార్వే తీరం వెంట ఐదు వారాలు సైకిళ్ల మీద తిరుగుతూ, టెంట్‌లో ఉంటూ, స్టెయిన్‌షేర్ నుంచి బోడో మీదుగా లోఫోటెన్ దీవుల దాకా వెళ్లాలని మా కోరిక. నార్వే అంటే రూ.15 లక్షలైనా చాలవని అందరూ భయపెడుతున్నారు. మా అత్తయ్య అయితే ఆ డబ్బుతో బంగారం కొనుక్కోమంటున్నారు. ఎఫ్‌డీ తీసేయాలా? పర్సనల్ లోన్ తీసుకోవాలా? లేక ఈ ఆలోచనే మానుకోవాలా?

జవాబు: మానుకోవద్దు. ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, లోన్ జోలికి అసలే పోవద్దు. మీ జీతాలతోనే ఈ యాత్ర అవుతుంది. దానికి ముందు, ఈ యాత్రలో డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో చూడాలి. అందరూ భయపెడుతున్న చోట అది లేదు.

నార్వేలో హోటల్లో ఉండి, రెస్టారెంట్లలో తిని, కారు అద్దెకు తీసుకుని తిరిగే ఇద్దరికి రూ.15 లక్షలన్నది అతిశయోక్తి కాదు. మీరు చేసేది ఆ ప్రయాణం కాదు. 1957 నాటి చట్టం ప్రకారం నార్వేలో సాగులో లేని భూమిలో ఎవరైనా టెంట్ వేసుకోవచ్చు. ఇళ్లకు, క్యాబిన్లకు కనీసం 150 మీటర్ల దూరం ఉండాలి, ఒకేచోట రెండు రాత్రులకు మించి ఉండాలంటే యజమాని అనుమతి కావాలి. రుసుము ఏమీ లేదు. లోఫోటెన్‌లో రద్దీ ఎక్కువైన కొన్ని చోట్ల మాత్రం స్థానిక మున్సిపాలిటీలు టెంట్లను నిషేధించాయి కాబట్టి అక్కడ క్యాంపింగ్ సైట్‌కు డబ్బు కట్టక తప్పదు.

ఇప్పుడు 35 రోజుల లెక్క చూద్దాం. నార్వే కరెన్సీ అయిన క్రోనర్‌ను రూ.9గా తీసుకుంటున్నాను. కివి, రేమా 1000 లాంటి సూపర్ మార్కెట్లలో కొనుక్కుని స్టవ్ మీద వండుకుంటే ఇద్దరి తిండికి రోజుకు 500 క్రోనర్లు పెట్టుకోండి. మొత్తం 17,500. రాత్రుల్లో సగం ఖర్చు లేకుండా అడవిలోనో, సముద్రం ఒడ్డునో గడుస్తాయి. 12 రాత్రులకు క్యాంపింగ్ సైట్ 250 చొప్పున 3,000, ఐదు రాత్రులకు చిన్న చెక్క క్యాబిన్ 900 చొప్పున 4,500. రైలు, బస్సు, ఫెర్రీలకు 5,000. గ్యాస్, రిపేర్లు, బట్టలుతుక్కోవడం, అప్పుడప్పుడు ఒక కాఫీ, అన్నీ కలిపి 4,000. మొత్తం 34,000 క్రోనర్లు, అంటే రూ.3.06 లక్షలు. మీరు వెళ్లేనాటికి క్రోనర్ రూ.10 అయినా పెరిగేది రూ.34 వేలే.

ఆ ఐదు క్యాబిన్ రాత్రులను దుబారా అనుకుని కొట్టేయకండి. అక్కడ జూన్‌లో కూడా వానతో, గాలితో పది డిగ్రీల చలి మామూలే. మూడు రోజులు వరుసగా తడిసిన మనిషికి వెచ్చటి గది, బట్టలు ఆరేసుకునే చోటు కావాలి. అది ముందే లెక్కలో లేకపోతే ఆ రోజు ఎక్కడ దొరికితే అక్కడ, ఎంతంటే అంత ఇచ్చి హోటల్లో దిగుతారు. రవాణాకు 5,000 పెట్టడానికీ కారణం ఉంది. మీరు వెళ్లే 17వ నంబరు తీరరహదారి స్టెయిన్‌షేర్ నుంచి బోడో దాకా సుమారు 650 కిలోమీటర్లు, మధ్యలో ఆరు ఫెర్రీలు. ఆర్కిటిక్ వృత్తాన్ని దాటేది కూడా కిల్బొగ్‌హామ్న్ దగ్గర ఎక్కే ఫెర్రీలోనే. చాలా కార్ ఫెర్రీల్లో సైకిల్ మీద వచ్చేవాళ్లకు టికెట్ ఉండదు. కానీ నార్వేలో చాలా సొరంగాల్లోకి సైకిళ్లను రానివ్వరు. అలాంటిచోట చుట్టూ తిరిగి వెళ్లాలి, లేదంటే బస్సో పడవో ఎక్కాలి. ట్రాండ్‌హైమ్ నుంచి స్టెయిన్‌షేర్‌కు రైల్లో సైకిల్‌కు చోటు ముందే బుక్ చేసుకోండి. చివర్లో బోడో నుంచి మొస్కెనెస్‌కు ఫెర్రీ, అక్కడి నుంచి స్వోల్వేర్ దాకా లోఫోటెన్ రోడ్డు 130 కిలోమీటర్ల లోపే. ఐదు వారాలకు ఈ దూరం హాయిగా సరిపోతుంది. ఇంకా ఉత్తరానికి వెళ్దామన్న ఆశతో దీన్ని పెంచవద్దని నా సలహా. తొందరపడే యాత్రలోనే బస్సు టికెట్లు, హోటల్ గదులు పెరుగుతాయి.

తిండి విషయంలో ఒక జాగ్రత్త. ఆదివారం అక్కడ పెద్ద సూపర్ మార్కెట్లు చాలావరకు మూసేస్తారు. శనివారమే సరుకులు కొనుక్కోకపోతే పెట్రోల్ బంకు దుకాణాల్లో రెట్టింపు ధర పెట్టాలి. నీళ్ల సీసాలు కొనే పని లేదు, కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. ఇక్కడి నుంచి కందిపొడి, పులిహోర పేస్ట్, చింతపండు తీసుకెళ్తే కొంత కలిసొస్తుంది, నోటికీ బాగుంటుంది.

ఇక ఇంటి నుంచి బయల్దేరక ముందే అయ్యే ఖర్చు. ట్రాండ్‌హైమ్‌కు వెళ్లి బోడో నుంచి తిరిగొచ్చేలా టికెట్లు ఇద్దరికీ రూ.2 లక్షలు. సైకిళ్లను పెట్టెల్లో సర్ది విమానంలో తీసుకెళ్లడానికి రానూపోనూ రూ.35 వేలు. ఐదు వారాలకు అక్కడ మంచి టూరింగ్ సైకిల్ అద్దెకు తీసుకుంటే ఒక్కో దానికి ఇంతకంటే ఎక్కువవుతుంది కాబట్టి మీవి తీసుకెళ్లడమే లాభం. టికెట్ కొనే ముందే ఆ విమాన సంస్థ సైకిల్‌కు ఎంత తీసుకుంటుందో చూడండి. చౌక టికెట్ మీద మిగిలింది ఇక్కడ పోతుంది. వీసాలు, బీమా కలిపి రూ.40 వేలు. టెంట్, స్లీపింగ్ బ్యాగులు, మ్యాట్‌లు, స్టవ్, సైకిల్‌కు తగిలించే సంచులు, వాన బట్టలు కలిపి రూ.1.2 లక్షలు. టెంట్, వాన బట్టల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. కొన్నాక, వెళ్లే ముందు ఒకసారి మొత్తం బరువుతో అనంతగిరి కొండల దాకా వెళ్లి రెండు రాత్రులు ఉండి రండి. అక్కర్లేని సామాను ఏదో అక్కడే తెలిసిపోతుంది.

మీరు ప్రశ్నలో రాయని ఖర్చు ఒకటుంది. ఐదు వారాల సెలవు ఇద్దరికీ జీతంతో దొరుకుతుందా? ఒకరికి మూడు వారాలు జీతం లేని సెలవు పడిందనుకుందాం. అది మీరైతే రూ.56 వేలు తగ్గుతాయి. ఇంటి ఈఎంఐకి, సిప్‌లకు మాత్రం సెలవుండదు. ఈ రూ.56 వేలనూ యాత్ర ఖర్చుగానే రాసుకోండి. అనుకోని వాటికి మరో రూ.75 వేలు. అన్నీ కలిపితే రూ.8.3 లక్షలు. ఇందులో నార్వేలో దిగాక చేతినుంచి పోయేది రూ.3 లక్షలే. మిగతాది చాలావరకు ముందే తెలిసిన ఖర్చు, అందుకే ముందుగా కూడబెట్టగలరు.

ఖర్చులు పోను మీ దగ్గర నెలకు రూ.43 వేలు మిగులుతున్నాయి. అందులో 40 వేలు దీనికి పెట్టండి. మొత్తాన్ని 18 నెలల ఆర్‌డీలో వేయకండి, ఎందుకంటే టికెట్లకు, సామానుకు డబ్బు ముందే కావాలి. రూ.28 వేలు 12 నెలల ఆర్‌డీలో వేస్తే 7 శాతం వడ్డీతో సుమారు రూ.3.49 లక్షలవుతాయి. టికెట్లు, సామాను దాంతో కొనేయవచ్చు. మిగతా 12 వేలు లిక్విడ్ ఫండ్‌లో, అంటే కావాల్సినప్పుడు వెనక్కి తీసుకోగల తక్కువ రిస్కు మ్యూచువల్ ఫండ్‌లో వేయండి. ఆర్‌డీ అయిపోయాక చివరి ఆరు నెలలు మొత్తం 40 వేలూ అందులోకే. ఒక బోనస్ రూ.80 వేలు కలిపితే రెండూ చేరి రూ.8.3 లక్షల దగ్గరికి వస్తాయి. ఈలోపు వచ్చే రెండో బోనస్‌ను బీమా ప్రీమియంలకు ఉంచండి. ఇంత తక్కువ గడువున్న డబ్బును షేర్లలోకో ఈక్విటీ ఫండ్లలోకో పంపవద్దు. పాత సిప్‌లు ఆపవద్దు.

లోన్ ఎందుకొద్దంటే, రూ.5 లక్షలు 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే వడ్డీయే రూ.1.15 లక్షలు. ఆ వడ్డీతో నార్వేలో మీరిద్దరూ 25 రోజులు తినొచ్చు. ఇక ఎఫ్‌డీలోని రూ.4.5 లక్షలు, ఉద్యోగం పోతే నాలుగున్నర నెలలు ఇంటిని నడిపే డబ్బు. అది ఆరు నెలలకు సరిపడా ఉండాలంటాను నేను.

వీసాకు నార్వే మనిషికి రోజుకు 500 క్రోనర్లు చూపించమంటుంది. మీ ఇద్దరికీ 35 రోజులకు రూ.3.15 లక్షలు. కాబట్టి లిక్విడ్ ఫండ్ డబ్బును దరఖాస్తుకు కొన్ని వారాల ముందే మీ పేర్ల మీదున్న బ్యాంకు ఖాతాల్లోకి మార్చండి. బస వివరాలు అడుగుతారు. మొదటి, చివరి రాత్రులకు, మధ్యలో కొన్నింటికి క్యాంపింగ్ సైట్లు బుక్ చేసి, మిగతా రోజులు ఎక్కడెక్కడ ఉంటారో రోజువారీగా రాసివ్వండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. నార్వేకు మీరు తీసుకునేది షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా). దానికి కనీసం 30 వేల యూరోల వైద్య బీమా ఉండాలి. నేనైతే అంతకు ఎక్కువే తీసుకోమంటాను. సైకిల్ మీద రోజుల తరబడి చేసే ప్రయాణాన్ని సాహస క్రీడగా లెక్కేసి మినహాయించే పాలసీలుంటాయి. కాబట్టి మీ ప్రయాణం వర్తిస్తుందని బీమా సంస్థ నుంచి ఈమెయిల్‌లో రాయించుకోండి.

టికెట్లు, బసలు మీరే విడివిడిగా బుక్ చేసుకోండి. విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచీ టీసీఎస్ (అమ్మేవాళ్లు మన దగ్గర ముందే వసూలు చేసే పన్ను) పడుతుంది. మీరే ఫారెక్స్ కార్డులో వేసుకుంటే మనిషికి ఏడాదికి రూ.10 లక్షల దాకా అది ఉండదు. కార్డులో నార్వే క్రోనర్ ఉందో లేదో ముందే చూడండి. లేకపోతే యూరో నుంచి మారిన ప్రతిసారీ చార్జీ పడుతుంది. క్రెడిట్ కార్డు వాడితే చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా, దాని మీద జీఎస్‌టీ కూడా వేస్తాయి. అక్కడ మెషీన్ రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే క్రోనర్లే ఎంచుకోండి.

అత్తయ్యగారికి ఈ లెక్క కాగితం మీద చూపించండి. ఇంటి రుణం ఆగట్లేదు, సిప్‌లు ఆగట్లేదు, ఎఫ్‌డీ అలాగే ఉంది, అప్పు లేదు. ఆవిడ భయం వాటి గురించే అయి ఉంటుంది. 18 నెలలు కూడబెట్టిన డబ్బును మీకు నచ్చినదానికి ఖర్చు పెట్టుకునే హక్కు మీకుంది.

వెళ్లే ముందు రెండు ఈఎంఐలు, రెండు నెలల సిప్‌లకు సరిపడా డబ్బు, అంటే రూ.1.34 లక్షలు, వాటి ఖాతాలో ఉండేలా చూసుకోండి. బ్యాంకు ఓటీపీలు ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరుకే వస్తాయి కాబట్టి ఆ సిమ్‌కు రోమింగ్ పెట్టించుకోండి.