గోధుమ లేని వంటింటికి పెద్దమ్మ ఉత్తరం

తెనాలి

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట పెగల్లేదు. అందుకే నిదానంగా కూర్చుని రాస్తున్నాను. బాబుకి ఉన్నది సీలియాక్ అని, అంటే గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బని తేలింది కదా, ఆ పేరే తెలియక మేం తిరిగిన నాలుగేళ్ళ కంటే ఇది ఎంతో నయం తల్లీ. మీ అక్కకి రక్తం తక్కువ, రక్తం తక్కువ అని ఐరన్ మాత్రలు మింగిస్తూ వచ్చాం. నెల తిరిగేసరికి మళ్ళీ అదే నీరసం, అదే కడుపుబ్బరం. మనం అన్నం తినేవాళ్ళం, గోధుమ జబ్బు మనకెందుకు వస్తుందని ఎవరూ అటువైపు చూడలేదు. చివరికి ఒక డాక్టరమ్మ టీటీజీ అనే రక్తపరీక్ష రాసింది. తర్వాత ఎండోస్కోపీలో చిన్నపేగు నుంచి ముక్క తీసి చూస్తే తేలింది. అప్పటికి మీ అక్కకి 24 ఏళ్ళు. మీవాడికి ఆరేళ్ళకే తెలిసింది.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇంట్లో గోధుమ ఆపేయకముందే నువ్వు, అల్లుడుగారు, పాప కూడా రక్తపరీక్ష చేయించుకోండి. ఇది ఒకే ఇంట్లో ఇంకొకరికి కూడా ఉండే అవకాశమున్న జబ్బు. గోధుమ మానేసి కొన్నాళ్ళయ్యాక చేయించుకుంటే, జబ్బున్నా పరీక్షలో కనిపించకపోవచ్చు. మేం ఈ సంగతి తెలియక అందరం ఒకేసారి మానేశాం. తర్వాత మీ అన్నయ్యకి పరీక్ష చేయించాలంటే వాడు పనిగట్టుకుని కొన్ని వారాలు చపాతీ తినాల్సి వచ్చింది. బాబుకి మాత్రం ఇవాళ్టి నుంచే బంద్. గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమియా, బార్లీ ఏదీ వద్దు. ఓట్స్ కూడా డాక్టరు సరేననేదాకా పెట్టకు. వాటిలో గోధుమ గింజలు కలిసిపోయి వస్తుంటాయి.

వాడొక్కడి కోసం ఇల్లంతా మానేయాలా అని మీ అత్తగారు అడిగారన్నావు. ఆవిడ అడిగిన దాంట్లో తప్పు లేదు. రెండు రకాలూ నడిపే ఇళ్ళున్నాయి. కానీ నా మాట విని ఇంట్లోకి గోధుమపిండే రానివ్వకు. పిండి జల్లించేటప్పుడు లేచిన దుమ్ము ఎక్కడ వాలుతుందో మనకి కనిపించదు. మూత తీసిన పప్పుగిన్నెలో పడొచ్చు, బాబు కంచంలో పడొచ్చు. ఈ జబ్బులో చిటికెడు కూడా చిటికెడు కాదు. గ్లూటెన్ ఫ్రీ అని రాసి అమ్మే సరుకులో గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టిందంటే ఎంత సన్నటి లెక్కో చూడు. అదే పంజాబీల ఇల్లయితే కష్టమయ్యేది. మనింట్లో మానాల్సింది రాత్రి చపాతీ, పొద్దుటి ఉప్మా, పండగనాటి బొబ్బట్లు. అంతేగా!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా నాకు అనిపించేది, ఇన్నాళ్ళూ నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయేది. మీ వంటింట్లో సామాను ఎక్కువ తల్లీ. ఏ డబ్బాలో ఏముందో నీకే తెలియదు. మామూలు ఇంట్లో అయితే అది చూడ్డానికి బాగోకపోవడం వరకే. బాబున్న ఇంట్లో అది ప్రమాదం. గట్టు ఖాళీగా ఉంటేనే తడిగుడ్డతో ఒక్క లాగులో తుడవగలవు. అర మీద పది డబ్బాలే ఉంటే పదీ నీకు తెలుస్తాయి. 40 ఉంటే వెనకాల ఎక్కడో సగం వాడిన సేమియా ప్యాకెట్ రబ్బరు బ్యాండు వేసుకుని కూర్చునే ఉంటుంది.

వంటిల్లంతా ఒకేరోజు దింపకు. సాయంత్రానికి నడుము పడిపోయి, దింపినవన్నీ మళ్ళీ లోపలికి తోసేస్తావు. రోజుకొక అర చాలు. ఆ అరలోవన్నీ కింద పెట్టి, చెక్కని సబ్బునీళ్ళతో తుడిచి ఆరబెట్టు. ఒక్కో ప్యాకెట్ వెనక్కి తిప్పి చదువు. మాల్ట్ అని ఉంటే బార్లీ అనుకో. సోయా సాస్‌లో కూడా చాలావరకు గోధుమ ఉంటుంది. సూప్ పొడులు, నూడుల్స్ మసాలా, బిస్కెట్లు, పాలలో కలిపే మాల్ట్ పొడులు అన్నీ తీసెయ్. పారెయ్యక్కర్లేదు, పనమ్మాయికో వాచ్‌మన్ వాళ్ళకో ఇచ్చెయ్. 'ఎప్పుడైనా పనికొస్తుంది' అన్న మాట ఈ వారం రోజులూ నోట్లోంచి రానివ్వకు.

ఆ మాల్ట్ పొడి సీసాలు కూడా ఉంచుకోకు. మనందరికీ ఉన్న అలవాటే ఇది, సీసా బాగుంది కదా అని కడిగి శెనగపిండి పోసుకుంటాం. మూత మరల్లో పాత పొడి గట్టిపడి ఉండిపోతుంది. జల్లెడ అయితే ఎంత కడిగినా శుభ్రం కాదు, ఆ కన్నాల్లో పిండి అలాగే ఉంటుంది. కొత్తది కొనుక్కో. చెక్క గరిటెలు, చపాతీ పీట, అప్పడాల కర్ర, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం, చపాతీలు కాల్చి కాల్చి నల్లబడ్డ ఇనప పెనం ఇవన్నీ వాడకంలోంచి తప్పించు. స్టీలు గిన్నెలు, గాజు సీసాలు బాగా తోముకుంటే చాలు. నా అర మీద ఇప్పుడు 16 స్టీలు డబ్బాలున్నాయి. ఒక్కోదాని మీద ఏముందో, ఎప్పుడు పోశానో కాగితం అంటించి ఉంటుంది. పదిహేనేళ్ళుగా ఆ 16తోనే ఇల్లు నడుస్తోంది.

ఇంక ఇంగువ. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. మీ అక్కకి గోధుమ మాన్పించి ఆరు నెలలయింది. మళ్ళీ పరీక్ష చేయిస్తే టీటీజీ అంకె దిగాల్సినంత దిగలేదు. పిల్ల బయట తింటోందేమోనని అనుమానపడి కోప్పడ్డాను కూడా. ఒకరోజు చారులోకి ఇంగువ తీస్తూ డబ్బా మీద సన్నటి అక్షరాలు చదివాను. ఎడిబుల్ గమ్, వీట్ ఫ్లోర్ అని ఉంది. అసలు ఇంగువ మరీ ఘాటు, జిగురు కూడా. అందుకని దాన్ని పిండిలో కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలాసార్లు గోధుమదో మైదానో అవుతుంది. పొడి అయినా అంతే, ముద్ద అయినా అంతే. రోజూ పప్పులో, చారులో, పులిహోరలో నా చేత్తో నేనే వేసి పెట్టానమ్మా. ఆ రాత్రి నిద్రపట్టలేదు. బియ్యప్పిండి కలిపినవి, గ్లూటెన్ ఫ్రీ అని రాసినవి దొరుకుతాయి, అవే కొను. పాత ఇంగువ తీసేస్తే సరిపోదు. దానితో చేసిన ఆవకాయ, సాంబారు పొడి, ఇడ్లీ కారం, వడియాలు, అన్నీ మార్చాలి. పోపులడబ్బా మొత్తం ఖాళీ చేసి కడుగు. అందులో ఒకే చెంచా అన్ని గిన్నెల్లోనూ తిరుగుతుంది కదా.

పిండిమర కూడా అలాంటిదే. మీ వైపు గిర్నీ అంటారు. ముందు ఎవరిదో గోధుమలు ఆడి, ఆ వెంటనే మన బియ్యం పోస్తారు. రాళ్ళ మధ్య మిగిలిన గోధుమపిండి మన డబ్బాలోకి వచ్చేస్తుంది. బియ్యప్పిండి, శెనగపిండి, జొన్నపిండి ఏదీ మరలో ఆడించకు. షాపులో విడిగా తూచి ఇచ్చే పిండి కూడా వద్దు. బస్తాలు మారుతాయి గానీ గరిటె మారదు. ఇంట్లో ఆడుకునే చిన్న మర ఒకటి కొనుక్కో. ఖర్చే, కాదనను. కొనేదాకా మిక్సీ చాలు. బియ్యం కడిగి నీడన ఆరబెట్టి కొద్దికొద్దిగా వేసుకో. జొన్నలు, కొర్రలు చేటలో పోసి ఏరు, అప్పుడప్పుడు గోధుమ గింజ కనిపిస్తుంది. ఏరాక ఒకసారి కడిగి ఆరబెట్టు. దేన్నీ కిలోకి మించి కొనకు. సజ్జపిండి అయితే నాలుగు రోజులకే చేదెక్కుతుంది. జొన్నపిండి పాతబడితే జిగి పోయి రొట్టె విరిగిపోతుంది. కొంచెం కొంచెం ఆడుకుంటే అర కూడా ఖాళీగా ఉంటుంది.

జొన్నరొట్టె రావడంలేదని బాధపడ్డావు. గోధుమపిండికి సాగే గుణం ఇచ్చేది గ్లూటెనే. జొన్నలో అది లేదు, కాబట్టి ఆ పని మరిగే నీళ్ళతో చేయించాలి. కప్పు పిండికి ముప్పావు కప్పు పైచిలుకు నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి తెర్లించి, పిండి మీద పోసి గరిటెతో కలిపి మూతపెట్టు. చెయ్యి పట్టగలిగినంత వేడి ఉండగానే అరచేత్తో అయిదు నిమిషాలు ఒత్తి ఒత్తి మర్దించు. చల్లారనిస్తే పని చెడుతుంది. పొడిపిండి చల్లి అరచేత్తో తడుతూ తిప్పుకో. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో అద్ది, తడి ఆరగానే తిరగెయ్. మొదటి పది రొట్టెలూ చిరుగుతాయి. పదకొండోది పొంగుతుంది. అల్లుడుగారికి రాత్రిపూట చపాతీ బదులు ఇదే పెట్టు. షుగరుకి ఎన్ని తినాలో డాక్టర్ని అడగమను.

మిగిలిన వంట నీకు చెప్పక్కర్లేదు. ఇడ్లీ, మినపరొట్టె, పెసరట్టు అన్నీ బాబువే. ఉప్మా కావాలంటే బియ్యపు రవ్వతో ఉప్పిండి చెయ్, కప్పు రవ్వకి రెండు కప్పుల నీళ్ళు, గుప్పెడు పెసరపప్పు. సేమియా అడిగితే బియ్యప్పిండి ఉడికించి జంతికల గొట్టంలో వేసి ఆవిరి మీద పెట్టు. పాలలోకి రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి ఇంట్లోనే పొడి చేసుకో. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, వాడి ఎముకలకి అది కావాలి. పండక్కి బొబ్బట్ల బదులు బూరెలు, అరిసెలు, సున్నుండలు. బూరెల తోపులో కొందరు మైదా కలుపుతారు, నువ్వు బియ్యం, మినప్పప్పే రుబ్బు. డబ్బాల్లో వచ్చే ఖరీదైన గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్ల జోలికి వెళ్ళకు. వాటిలో ఎక్కువగా చక్కెర, నూనె, పిండి, అంతే.

హాల్లో కూడా ఒకసారి చూడు. సోఫా దిండ్ల మధ్య బిస్కెట్ పొడి, డైనింగ్ టేబుల్ మీద కరెంటు బిల్లులు, మందులు, తాళాలు. ఆ టేబుల్ అన్నం తినడానికే ఉంచు. పిల్లలు ఆడుకునే మెత్తటి రంగు ముద్దల్లో కూడా గోధుమపిండి ఉంటుంది, తీసెయ్.

బడిలో టీచరమ్మకి ఒక కాగితం రాసివ్వు. పుట్టినరోజుకి ఎవరైనా కేకు పంచితే బాబుకి ఇవ్వడానికి పల్లీచిక్కీ, నువ్వుండలు ఒక డబ్బాలో ఆవిడ దగ్గరే ఉంచు. వాడొక్కడే చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. హోటల్లో పెసరట్టు తింటే లోపల ఉప్మా ఉందా అని అడగడం వాడికి నేర్పు. పునుగులు, బజ్జీలు బయట వద్దు. అదే నూనెలో మైదా వస్తువులు కూడా వేగుతాయి.

ప్రసాదం సంగతి నువ్వు అడగలేదు గానీ మీ అత్తగారి మనసులో ఉంటుంది. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసేదే. మేం వ్రతానికి వెళ్ళినప్పుడు మీ అక్క దాన్ని కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టేది. ఇంట్లో వ్రతం చేసుకున్నప్పుడు బియ్యపు నూకతో చేసి నైవేద్యం పెడుతున్నాను. మీ అత్తగారికి నేనే ఫోన్ చేసి చెబుతాలే, నువ్వు కలగజేసుకోకు.

వచ్చే గురువారం రైలెక్కుతున్నాను. కొత్త స్టీలు జల్లెడ, సరైన ఇంగువ, కిలో కొత్త జొన్నలు తెస్తున్నాను. పైన అటకలో అమ్మమ్మ ఇచ్చిన చపాతీ పీట ఉంది కదా, దాన్ని ఎవరికీ ఇవ్వకు. నీకు దాన్ని తీసెయ్యడానికి చేతులు రావని నాకు తెలుసు. వెళ్ళేటప్పుడు నేను పట్టుకెళ్ళి మా దేవుడి గదిలో దీపం కింద పెట్టుకుంటాను.

బాబుకి ముద్దులు.

ఇట్లు
మీ పెద్దమ్మ