ప్రశ్న: ఇంట్లో అందరూ టయోటానే అంటున్నారు, నాకు బీఎండబ్ల్యూ నచ్చింది, ఏం చేయను?

మీ నాన్నగారు 18 ఏళ్లుగా టయోటా తప్ప ముట్టుకోలేదన్నారు, మీ బావగారేమో బీఎండబ్ల్యూ వాళ్ళు ఇండికేటర్ వేయరు, పొగరు అంటున్నారన్నారు కదా, ముందు ఒకటి చెప్పండి ఆయనకి, 2019లో వచ్చిన టయోటా స్పోర్ట్స్ కారు సుప్రాలో ఆరు సిలిండర్ల ఇంజిన్ బీఎండబ్ల్యూదే, రెండు కంపెనీల కార్లూ (టయోటా సుప్రా, బీఎండబ్ల్యూ జెడ్4) ఆస్ట్రియాలో గ్రాట్స్‌లో ఒకే ఫ్యాక్టరీలో తయారయ్యాయి. మరి సుప్రా నడిపేవాడు ఇండికేటర్ వేస్తాడా వేయడా 😄

ఆ ముద్ర ఎలా పడుతుందంటే, ఖరీదైన కారు అడ్డంగా దూరితే వారం గుర్తుంటుంది, పాత హ్యాచ్‌బ్యాక్ అదే పని చేస్తే తిట్టుకుని మర్చిపోతాం. నేనూ అంతే, ఎస్‌యూవీ వాళ్ళంటే మంట ఉండేది, నేనొకటి కొన్నాక తెలిసింది ముందు అద్దం పక్కనుండే స్తంభం లావుగా ఉండి మలుపులో బైక్ మొత్తం దాని వెనక దాక్కుంటుందని, ఇప్పుడు తల ముందుకి వంచి చూసి మరీ తిప్పుతున్నా.

అయితే నాన్నగారి మాట పూర్తిగా కొట్టేయకండి, మెయింటెనెన్స్ ఖర్చు విషయంలో ఆయన భయం నిజమే. వారంటీ అయిపోయాక మీకు నచ్చిన బీఎండబ్ల్యూ మోడల్ నడుపుతున్న ఇద్దరు ముగ్గుర్ని పట్టుకుని బ్రేక్ ప్యాడ్లకీ సస్పెన్షన్‌కీ ఎంతయిందో బిల్లు చూపించమనండి, సర్వీస్ సెంటర్ ఎంత దూరమో చూడండి. తర్వాత రెండు కార్లూ ఒకే రోజు ఒకే రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ చేయండి, నాన్నగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి. బావగారిని మాత్రం తీసుకెళ్ళకండి.